కరెంటుకు గోదాము లేదు: ఎలక్ట్రికల్ ఇంజనీరు చేసే పని ఏమిటి?

ఏటా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలవగానే చాలా ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంది. కంప్యూటర్ సైన్స్‌లో సీటు రాకపోతే ఎలక్ట్రికల్ తీసుకోవచ్చా, తీసుకుంటే ఆ తర్వాత చేసే ఉద్యోగం ఏమిటి అని. వినిపించే జవాబులు రెండే: కరెంటాఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కావడం, లేదా చివరికి సాఫ్ట్‌వేర్ వైపు మళ్లడం. మొదటిది ఈ వృత్తిలో ఒక మూల మాత్రమే. రెండోది వృత్తి గురించి ఏమీ చెప్పదు. సౌర, పవన విద్యుత్తు పెరిగిన ఈ దశాబ్దంలో విద్యుత్ ఇంజనీర్ల పని గతంలో కంటే క్లిష్టమైంది కాబట్టి, ఆ పని లోపలి తీరును తెలుసుకోవడం అవసరం.

సంక్షిప్తంగా: విద్యుత్తును పెద్ద మొత్తంలో దాచిపెట్టడం కష్టం. అందువల్ల ఉత్పత్తి, వాడకం ప్రతి క్షణం సరితూగాలి. ఎలక్ట్రికల్ ఇంజనీరు వృత్తి ఈ ఒక్క నియమం చుట్టూ అల్లుకుంది. ఇందులోని ఉద్యోగాలను వేరుచేసేది డిగ్రీ కాదు, నిర్ణయానికి దొరికే వ్యవధి. రక్షణ విభాగానికి సెకనులో పదో వంతు, లోడ్ డిస్పాచ్ కేంద్రానికి పావుగంట, డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఏఈకి కొన్ని గంటలు, ప్రణాళికా విభాగానికి ఏళ్లు దొరుకుతాయి. సౌర విద్యుత్తు ఈ వ్యవధులన్నింటినీ కుదిస్తోంది.

తొమ్మిది నిమిషాల పరీక్ష

బియ్యం ఎక్కువైతే గోదాములో పెడతారు, నీళ్లు ఎక్కువైతే చెరువులో నిలుపుతారు. కరెంటుకు అంతటి గోదాము లేదు. ఒక ఇంట్లో ఫ్యాను వేసిన క్షణంలోనే ఎక్కడో ఒక జనరేటరు ఆ మేరకు అదనపు భారం మోయాలి. ఆ భారం తెలిసేది ఫ్రీక్వెన్సీ ద్వారా. సింహాద్రి లాంటి థర్మల్ కేంద్రాల్లోని టర్బైన్లు నిమిషానికి 3,000 సార్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 50 చుట్లు. దేశమంతటి కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ అనడంలోని అర్థం ఇదే. వాడకం ఉత్పత్తిని మించితే గ్రిడ్డుకు, అంటే దేశమంతా అల్లుకున్న విద్యుత్ లైన్ల వలకు, కట్టుబడిన యంత్రాలన్నీ కలిసి కాస్త నెమ్మదిస్తాయి. వాడకం తగ్గితే వేగం పుంజుకుంటాయి. మన గ్రిడ్ కోడ్ ప్రకారం ఫ్రీక్వెన్సీ 49.90, 50.05 హెర్ట్జ్ మధ్య ఉండాలి. అంత సన్నని గట్టు మీద నూట నలభై కోట్ల మంది వాడకం నడుస్తోంది.

దీన్ని నడిపేవారు లోడ్ డిస్పాచ్ కేంద్రాల ఇంజనీర్లు. రాష్ట్ర స్థాయిలో విజయవాడ, హైదరాబాద్, దక్షిణాది మొత్తానికి బెంగళూరు, దేశానికి ఢిల్లీ. రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ప్రతి ముక్కలో ఎంత వాడకం ఉంటుందో, ఏ కేంద్రం ఎంత ఇవ్వాలో ముందురోజే లెక్కగడతారు. మరునాడు ఆ లెక్క తప్పినప్పుడల్లా సరిచేస్తారు. వాన పడితే వ్యవసాయ మోటార్లు ఆగుతాయి, మబ్బు పడితే సౌర ఉత్పత్తి తగ్గుతుంది, పండుగ రోజు కర్మాగారాలు మూతపడతాయి. ఆ లెక్క వెనుక గణితం ఎంత ఉందో, ఊళ్ల అలవాట్ల పరిజ్ఞానమూ అంతే ఉంది.

ఈ పనిని దేశం మొత్తం తెలియకుండానే పరీక్షించిన రాత్రి 2020 ఏప్రిల్ 5. కరోనా లాక్‌డౌన్ సమయంలో రాత్రి 9 గంటల నుంచి 9 నిమిషాల పాటు ఇళ్లలో దీపాలు ఆర్పాలని ప్రధాని పిలుపునిచ్చారు. వాడకం 12,000 నుంచి 14,000 మెగావాట్ల దాకా తగ్గుతుందని ముందస్తు అంచనా. నిజంగా తగ్గింది సుమారు 31,000 మెగావాట్లు. ఇంజనీర్లు దానికి ముందే పన్నిన వ్యూహం ఒకటుంది. వేడి తగ్గించడానికి, పెంచడానికి సమయం పట్టే థర్మల్ కేంద్రాలను ముందుగానే కనిష్ఠ స్థాయికి దించారు. ఆ లోటును జలవిద్యుత్తుతో పూడ్చి తొమ్మిది దాకా నడిపారు. దీపాలు ఆరుతుండగా జలవిద్యుత్తును వేగంగా తగ్గించారు, మళ్లీ వెలుగుతుండగా అంతే వేగంగా పెంచారు. టర్బైనుకు వెళ్లే నీటిని అదుపు చేసే గేట్లను నిమిషాల్లో సర్దవచ్చు, బాయిలరు అలా మాట వినదు. ఆ రాత్రి ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 హెర్ట్జ్ మధ్య ఊగినా గ్రిడ్డు నిలబడింది. మరునాడు ఎవరికీ కరెంటు గురించి మాట్లాడుకోవాల్సిన అవసరం రాలేదు. ఈ ఉద్యోగంలో విజయం ఎప్పుడూ ఇలాగే కనబడకుండా ఉంటుంది. కొత్తగా చేరేవారు మొదట తెలుసుకోవలసిన విషయం కూడా ఇదే.

సెకనులో పదో వంతు

లైను మీద చెట్టుకొమ్మ పడినా, ఇన్సులేటరు పగిలినా కరెంటు మామూలు కంటే ఎన్నో రెట్లు పారుతుంది. మనిషి చూసి, ఆలోచించి స్విచ్ తీసేలోపు పరికరాలు కాలిపోతాయి. 400 కేవీ (కిలోవోల్టుల) లైనులో ఇలాంటి లోపాన్ని 100 మిల్లీసెకన్లలో, అంటే ఐదు సైకిళ్లలో విడదీయాలన్నది నిబంధన. ఆ నిర్ణయం తీసుకునేది రిలే అనే రక్షణ పరికరం. ఆ రిలే ఏ పరిస్థితిలో ఏ నిర్ణయం తీసుకోవాలో నెలలు, ఏళ్ల ముందే కాగితం మీద లెక్కించి అందులో నింపేది ప్రొటెక్షన్ ఇంజనీరు. తీర్పు ముందే రాసి ఉంచి, నేరం జరిగాక దాన్ని యంత్రంతో చదివించడం లాంటి పని ఇది.

డిస్టెన్స్ రిలే అనే పరికరం లైనులోని వోల్టేజీని కరెంటుతో భాగించి చూస్తుంది. లోపం ఎంత దగ్గరగా ఉంటే ఆ భాగఫలం అంత తక్కువ. తన లైనులో సుమారు 80 శాతం దూరం లోపల ఏదైనా జరిగితే వెంటనే తెంచుతుంది. అంతకు మించిన దూరంలో జరిగితే, అక్కడి రిలేకు మొదటి అవకాశం ఇచ్చి, అది విఫలమైతేనే తాను పనిచేస్తుంది. ఇలా ఎదురుచూసే చివరి అంచెను మూడో జోన్ అంటారు.

ఈ మూడో జోను వల్ల ఏం జరగవచ్చో 2012 జులై 30న తెలిసింది. ఆ రోజుల్లో ఉత్తరాది గ్రిడ్డు పశ్చిమ గ్రిడ్డు నుంచి భారీగా విద్యుత్తు తీసుకుంటోంది. 765 కేవీ స్థాయికి పెంచే పనుల కోసం ఒక సర్క్యూటును ఆపి ఉంచడంతో బీనా-గ్వాలియర్ 400 కేవీ లైను మీద మోయలేని భారం పడింది. భారం మితిమీరినప్పుడు వోల్టేజీ పడిపోతుంది, కరెంటు పెరుగుతుంది. భాగఫలం తగ్గుతుంది. రిలే దృష్టిలో అది దూరంలోని లోపంలాగే ఉంటుంది. లైనులో ఏ లోపమూ లేకపోయినా తెల్లవారుజామున 2.33 గంటలకు రిలే దాన్ని తెంచేసింది. ఆ భారం పక్క లైన్ల మీద పడి, అవీ ఒకదాని తర్వాత ఒకటి తెగి, ఉత్తరాది చీకటయింది. మరునాడు మధ్యాహ్నం అదే కథ మళ్లీ జరిగి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. 60 కోట్లకు పైగా జనాభా ఉన్న ప్రాంతాలు ప్రభావితమయ్యాయి.

రిలే చెడిపోలేదు, తనకు చెప్పిన పనే చేసింది. పదేళ్ల కిందటి భారానికి సరిపోయిన అంకె, భారం మారాక కూడా అలాగే ఉండిపోతే అదే ప్రమాదం అవుతుంది. అందుకే ప్రొటెక్షన్ ఇంజనీరు రోజువారీ పనిలో పెద్ద భాగం కొత్త లెక్కలు కాదు, పాత లెక్కలను తిరిగి ప్రశ్నించడం.

ఆ రెండు రోజులూ తెలుగు నేల చీకటి కాలేదు. అప్పటికి దక్షిణ గ్రిడ్డు మిగతా దేశంతో నేరుగా కలిసి తిరగడం లేదు. విశాఖ దగ్గరి గాజువాక, మహారాష్ట్రలోని భద్రావతి వంటి కేంద్రాల్లో ఏసీని డీసీగా, మళ్లీ ఏసీగా మార్చి మాత్రమే విద్యుత్తు మార్పిడి జరిగేది. నడుమ ఉన్న ఆ డీసీ వల్ల అటువైపు గ్రిడ్లతో పాటు ఇటువైపు గ్రిడ్డు కూలలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-సోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్డు కూడా దేశ గ్రిడ్డులో కలిసింది. దానివల్ల కొరత కాలంలో బయటి నుంచి కరెంటు తెచ్చుకోవడం సులువైంది. ఎక్కడి కుదుపైనా ఇక్కడికి చేరే అవకాశమూ వచ్చింది.

ఊరి ఫీడరు మీద

ఎక్కువ మంది తెలుగువారికి ఎలక్ట్రికల్ ఇంజనీరు అంటే సెక్షన్ ఏఈ. నిజానికి ఈ ఉద్యోగాన్ని బయటివారు అర్థం చేసుకునేది చాలా తక్కువ. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999లో జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా, మరుసటి ఏడాది పంపిణీ విడివడి డిస్కంలుగా మారింది. ఉత్పత్తి, సరఫరా విభాగాల్లో ఇంజనీరు యంత్రంతో వ్యవహరిస్తారు. డిస్కంలో యంత్రంతో పాటు రైతు, లైన్‌మన్, కాంట్రాక్టరు, సర్పంచ్, బకాయిల జాబితా అన్నీ ఒకేసారి ఎదుట ఉంటాయి.

సెక్షన్ పరిధిలో ఒకటో రెండో 33/11 కేవీ సబ్‌స్టేషన్లు, వాటి నుంచి వెళ్లే 11 కేవీ ఫీడర్లు (పంపిణీ లైన్లు), ఫీడర్ల మీద వందలాది ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలడం అనేది వినడానికి ఒక సంఘటన, దాని వెనుక కారణాలు మాత్రం అనేకం. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద అనుమతి లేని మోటార్లు చేరి భారం పెరగవచ్చు. నూనె మట్టం తగ్గి ఉండవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందుండే హెచ్‌జీ ఫ్యూజు స్థానంలో ఎవరో లావు తీగ చుట్టి ఉండవచ్చు, అప్పుడు తెగాల్సిన ఫ్యూజు తెగక కాయిలే కాలుతుంది. ఎర్తింగ్ ఎండిపోయి ఉండవచ్చు. కొత్తది బిగించి వెళ్లిపోతే రైతు సంతోషిస్తాడు. కారణం పట్టకపోతే అదే చోట రెండోదీ కాలుతుంది.

ఊళ్లో అప్పుడప్పుడు కొన్ని ఇళ్లలో టీవీలు, ఫ్రిజ్‌లు ఒకేసారి కాలిపోతాయి, పక్క వీధిలో బల్బులు మసకబారతాయి. ఇది న్యూట్రల్ తెగిన లక్షణం. మూడు ఫేజుల మీద ఇళ్లు సమానంగా పంచి లేనప్పుడు, న్యూట్రల్ తీగ ఆ తేడాను మోస్తూ ఒక్కో ఇంటికి 230 వోల్టుల చొప్పున నిలుపుతుంది. అది తెగిన మరుక్షణం ఇళ్లన్నీ ఫేజుల మధ్య వరుసగా కట్టినట్టవుతాయి. తక్కువ వాడకం ఉన్న వైపు వోల్టేజీ 400 దిశగా ఎగబాకుతుంది. చదువులో ఇది ఒక లెక్క, సెక్షనులో ఇది రాత్రి పదింటికి వచ్చే ఫోను.

వ్యవసాయం మరో పాఠం. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. సరఫరా వచ్చే వేళ తెలియనప్పుడు రైతు కరెంటు రాగానే మోటారును తనంతట తానే నడిపే ఆటో స్టార్టరు పెట్టుకుంటాడు. అది అతని వైపు నుంచి పూర్తిగా సబబైన ఏర్పాటు. కానీ ఫీడరు ఛార్జి కాగానే, అంటే సరఫరా రాగానే, వందల మోటార్లు ఒకేసారి లేవడంతో వోల్టేజీ కుంగి బ్రేకరు (సరఫరాను తెంచే స్విచ్) పడుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయాలని అధికారులు ఊరూరా తిరిగి కోరడానికి కారణాల్లో ఇదొకటి. భూగర్భ జలం అడుగంటడం మరొకటి. వేళాపాళా మారితే మోటార్ల నడక మారుతుంది, దాంతో ఫీడరు రూపురేఖలే మారతాయి. సాంకేతిక పరిష్కారాన్ని రైతు అంగీకారం లేకుండా అమలు చేయలేమన్నది ఏఈ తొలి ఏడాదిలోనే నేర్చుకునే విషయం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఈ ఉద్యోగంలోని మరో ముఖం కనిపించింది. స్తంభాలు, టవర్లు, సబ్‌స్టేషన్లు ఒకేసారి దెబ్బతిన్నప్పుడు ఏది ముందు నిలబెట్టాలన్న వరుస క్రమమే ఇంజనీరు తెలివి. ఆసుపత్రి, తాగునీటి పంపులు, ఫోను టవర్లు, తర్వాత ఇళ్లు.

ఎల్‌సీ అనే రెండక్షరాలు

విద్యుత్ శాఖలో ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటరు నుంచి ఎల్‌సీ తీసుకోవాలి. ఆపరేటరు బ్రేకరు తీసి, లాగ్ పుస్తకంలో రాసి, అనుమతి ఇస్తారు. ఆ తర్వాత పని చోట ఏబీ స్విచ్ (స్తంభం మీది స్విచ్) తెరిచి, రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేయాలి. ఎల్‌సీ తీసుకున్న మనిషే పని ముగించి తిరిగి ఇవ్వాలి. ఇదంతా ఎందుకంటే చచ్చిన లైనుకూ బతికున్న లైనుకూ కంటికి తేడా కనిపించదు.

ఒకే ఫీడరు మీద ఇద్దరు ఎల్‌సీ తీసుకుని ఒకరు తిరిగిచ్చినప్పుడు, ఎవరి ఇంట్లోనో జనరేటరు నుంచి కరెంటు వెనక్కు వచ్చినప్పుడు, పై నుంచి దాటే మరో లైను తగిలినప్పుడు ప్రాణాలు పోతాయి. అలా పోయేవి ఎక్కువగా కింది స్థాయి సిబ్బంది, కాంట్రాక్టు కార్మికుల ప్రాణాలు. ఇంజనీర్లకూ మినహాయింపు లేదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో చెలరేగిన మంటల్లో 9 మంది మరణించారు. వారిలో కొలువులో చేరి ఎన్నో ఏళ్లు గడవని అసిస్టెంట్ ఇంజనీర్లూ ఉన్నారు. ఈ వృత్తి గురించి జీతంతో మొదలుపెట్టి మాట్లాడేవారు ఈ విషయాన్నీ పక్కన పెట్టకూడదు.

ఎండ తెచ్చిన మార్పు

2025లో దేశ స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ వంటి శిలాజ ఇంధనాలతో నిమిత్తం లేనిదయింది. ఇది మంచి వార్తే, కానీ దీనివల్ల ఇంజనీరు చేతిలోని వ్యవధి తగ్గింది. వందల టన్నుల టర్బైను తిరుగుతున్నప్పుడు దానికి జడత్వం ఉంటుంది. ఎక్కడైనా ఉత్పత్తి హఠాత్తుగా ఆగినా తిరిగే ఆ బరువు కొన్ని సెకన్లు భారాన్ని మోస్తుంది. ఆ సెకన్లలో మిగతా కేంద్రాలు పుంజుకుంటాయి. సౌర పలకలో తిరిగే భాగం లేదు. దాన్ని గ్రిడ్డుకు కలిపే ఇన్వర్టరు సాఫ్ట్‌వేరు చెప్పినట్టు నడుచుకుంటుంది. చెప్పకపోతే గ్రిడ్డును ఆదుకోదు.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ మధ్యాహ్నపు ఎండలో కొద్ది సెకన్లలో చీకటయ్యాయి. 2012లో మన దగ్గర లైన్ల మీద భారం మితిమీరి కూలితే, అక్కడ వోల్టేజీ పెరిగి కేంద్రాలు వరుసగా విడిపోవడం వల్ల కూలింది. అక్కడి చాలా సౌర కేంద్రాలు వోల్టేజీని అదుపు చేసే తీరులో కాకుండా స్థిరమైన పవర్ ఫ్యాక్టరుతో (వోల్టేజీ, కరెంటు మధ్య తేడాను ఒకేచోట బిగించి) నడుస్తున్నాయి. సౌర విద్యుత్తే దోషి అని దీని నుంచి తీర్మానించడం పొరపాటు. ఇన్వర్టర్లకు ఏ బాధ్యత అప్పగించాలో నిబంధనల్లో రాయడం ఇంజనీరు పని, అది సకాలంలో జరగకపోతే ఫలితం అలా ఉంటుంది.

సాయంత్రం ఎండ తగ్గేసరికి ఇళ్లలో వాడకం పెరుగుతుంది. ఆ మలుపును దాటించడానికి నిల్వ కావాలి. శ్రీశైలం ఎడమగట్టులోని 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ రెండు వైపులా తిరగగలవు. విద్యుత్తు మిగిలినప్పుడు కింది నీటిని మళ్లీ పైకి తోడి, అవసరమైనప్పుడు విడుస్తాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో చేపట్టిన 1,680 మెగావాట్ల పథకం ఇదే సూత్రంతో, నదికి దూరంగా రెండు జలాశయాల మధ్య పనిచేస్తుంది. ఇంటి కప్పుల మీది సౌర పలకలు డిస్కంకు ఇంకో చిక్కు తెచ్చాయి. ఇన్నాళ్లూ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటికి పారిన కరెంటు మధ్యాహ్నం వేళ ఎదురు పారుతోంది. సరఫరా ఆగగానే ఇన్వర్టరు తనంతట తాను విడిపోయే రక్షణ సరిగా ఉందో లేదో చూడడం ఎల్‌సీ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణంతో ముడిపడిన తనిఖీ.

చదువు, దారులు

విద్యుత్ శాఖలోకి మూడు మెట్ల మీద నుంచి వెళ్లవచ్చు: ఐటీఐతో జూనియర్ లైన్‌మన్, పాలిటెక్నిక్ డిప్లొమాతో సబ్ ఇంజనీరు, బీటెక్‌తో ఏఈ. డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్ వంటి కేంద్ర సంస్థలు గేట్ మార్కులను ఆధారం చేసుకుంటాయి. ఏఈ తర్వాత ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు), డీఈ (డివిజనల్ ఇంజనీరు), ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు), సీఈ (చీఫ్ ఇంజనీరు) వరకు మెట్లున్నాయి, పై మెట్లకు చేరడానికి దశాబ్దాలు పడుతుంది. ప్రభుత్వం వెలుపల యంత్రాల తయారీ, కర్మాగారాల నిర్వహణ, సౌర కేంద్రాల నిర్మాణం, డేటా సెంటర్ల విద్యుత్ వ్యవస్థలు ఉన్నాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ కర్మాగారం, ఉప్పల్‌లో అత్యధిక వోల్టేజీ పరీక్షలు చేసే కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ ప్రయోగశాల హైదరాబాద్‌లోనే ఉన్నాయన్నది చాలామంది విద్యార్థుల దృష్టికి రాదు.

కంప్యూటర్ రంగంతో పోలిస్తే తేడా స్పష్టం. అక్కడ నియామకాలు మార్కెట్టును బట్టి ఎప్పుడైనా జరుగుతాయి, ఇక్కడ డిస్కం కొలువులు నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగాలి. అక్కడ తప్పు రాస్తే చాలాసార్లు వెనక్కు తీసుకోవచ్చు, ఇక్కడ ఛార్జి చేసిన లైనును వెనక్కు తీసుకోలేరు. అక్కడి పనిముట్టు ఐదేళ్లలో పాతబడుతుంది, ఇక్కడ ఈ ఏడాది నిలిపిన ట్రాన్స్‌ఫార్మర్ పాతికేళ్లు పనిచేయాలి. సొంత ఊరి నుంచి పని చేయడం, వారాంతపు సెలవు, పండుగ సెలవు కోరుకునేవారికి గ్రిడ్డు ఉద్యోగాలు సరిపడవు. మూడు షిఫ్టులు తప్పనిసరి, దీపావళి రాత్రి కంట్రోల్ రూము ఖాళీగా ఉండదు.

సిలబస్‌లో విద్యార్థులు ఎక్కువగా భయపడేది సంకీర్ణ సంఖ్యలకు, ఫేజర్లకు. ఏసీలో వోల్టేజీ, కరెంటు చాలాసార్లు కలిసి నడవవు, ఒకటి ముందో వెనుకో ఉంటుంది. ఆ తేడాను పట్టుకునే భాషే ఫేజరు. బోరుబావి మోటారుకు కెపాసిటర్ ఎందుకు పెట్టమంటారో, బీనా-గ్వాలియర్ లైను ఎందుకు తెగిందో, స్పెయిన్‌లో వోల్టేజీ ఎందుకు ఎగబాకిందో మూడూ ఆ ఒక్క భాషలోనే అర్థమవుతాయి. కళాశాలలో దీన్ని సూత్రంగా బట్టీ పట్టినవారు నాలుగో ఏడాదికి సాఫ్ట్‌వేర్ వైపు చూస్తారు. సెలవుల్లో దగ్గరి 33/11 కేవీ సబ్‌స్టేషనుకు అనుమతితో వెళ్లి, లాగ్ పుస్తకంలో గంట గంటకూ ఆపరేటరు రాసిన వోల్టేజీ, కరెంటు, పవర్ ఫ్యాక్టరు అంకెలను ఆ ఊరి దినచర్యతో పోల్చి చూసినవారికి మాత్రం, ఉదయం ఏడింటికి ఏ అంకె ఎందుకు మారిందో ఒక్కరోజులో తెలుస్తుంది.